బెయిలౌట్లను మామూలు జనం ఆపగలరా? 2008లో ఆ నాలుగు రోజుల గురించి

#1 పన్నుదారుడు

ప్రైవేటు కంపెనీలు మునిగిపోతుంటే ప్రభుత్వం జనం డబ్బుతో ఒడ్డున పడేయకూడదని అమెరికాలో రోడ్డెక్కిన లిబర్టేరియన్ల (ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువుండాలనేవాళ్ళ) గురించి ఇక్కడ ఒకసారి వివరంగా మాట్లాడుకోవాలని ఉంది. వాళ్ళ గురించి రాసేవాళ్ళంతా 2009లో ప్రభుత్వ ఖర్చుకి వ్యతిరేకంగా సాగిన టీ పార్టీ ర్యాలీల దగ్గర మొదలుపెడతారు. అసలు పోరాటం అంతకు ముందే, 2008 సెప్టెంబర్‌లోనే జరిగిపోయిందని నా నమ్మకం.

ఆ నెల 15న లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. మర్నాడే బీమా కంపెనీ ఏఐజీకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 85 బిలియన్ డాలర్ల అప్పు ఇచ్చింది. 20న ట్రెజరీ కార్యదర్శి హెన్రీ పాల్సన్ కాంగ్రెస్ ముందుకు ఒక ప్రతిపాదన తెచ్చారు. మూడంటే మూడు పేజీలు. అడిగిన మొత్తం 700 బిలియన్లు, మన లెక్కలో 70 వేల కోట్ల డాలర్లు. అందులో ఎనిమిదో సెక్షన్ చదివితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈ చట్టం కింద కార్యదర్శి తీసుకున్న నిర్ణయాన్ని ఏ కోర్టూ, ఏ ప్రభుత్వ సంస్థా సమీక్షించడానికి వీల్లేదట!

బిల్లు సభకు వచ్చేసరికి ఆ సెక్షన్ మారింది, పేజీలు వంద దాటాయి. అయినా 29వ తేదీన ప్రతినిధుల సభ దాన్ని 228–205 ఓట్లతో తిప్పికొట్టింది. రిపబ్లికన్లు 133 మంది, డెమోక్రాట్లు 95 మంది వద్దన్నారు. లిబర్టేరియన్ రిపబ్లికన్ రాన్ పాల్, వామపక్ష డెమోక్రాట్ డెనిస్ కుసినిచ్ ఒకే వైపు నిలబడ్డారు. రెండు పార్టీల నాయకత్వాలూ, వైట్‌హౌస్, వాల్‌స్ట్రీట్ కలిసి కావాలన్న బిల్లును జనం ఫోన్లతో, ఈమెయిళ్ళతో ఓడించారు. ఈమెయిళ్ళ తాకిడికి సభ వెబ్‌సైటు తట్టుకోలేక, ఒక దశలో వాటికి పరిమితి పెట్టాల్సి వచ్చింది.

కానీ నాలుగు రోజులకే, అక్టోబర్ 3న, అదే సభలో 263–171తో బిల్లు పాసైంది. ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగింది? మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి? నేను అడుగుతున్నది ఇదే.

#2 శ్రీవల్లి

అప్పట్లో మేం ఒహాయోలో ఉండేవాళ్ళం. నాకింకా ఓటు లేదు, మా వారికి ఉంది. అందుకని ఫోన్ ఆయన పేరు మీదే చేశాం. వాషింగ్టన్ నంబరు ఎంతసేపు కొట్టినా ఎంగేజ్. ఎవరో చెబితే మా ప్రతినిధి జిల్లా ఆఫీసు నంబరుకి చేశాం. అక్కడ ఎత్తారు.

ఎత్తింది చదువుకుంటున్న కుర్రాడిలా ఉన్నాడు. పేరు, జిప్ కోడ్, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా, అంతే అడిగాడు. వెనకాల ఇంకో రెండు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా వారు ఊరికే వ్యతిరేకం అని పెట్టేయకుండా, ముందు వచ్చిన ప్రతిపాదనలోని ఎనిమిదో సెక్షన్ చదివి వినిపించారు. అతను ఆగి, "ఇంకోసారి చదవండి సార్, రాసుకుంటాను" అన్నాడు. నిజంగానే రాసుకున్నాడు, పెన్ను చప్పుడు వినిపించింది. "పొద్దున్నుంచి వచ్చిన ఫోన్లన్నీ వ్యతిరేకమే, కానీ కారణం చెప్పినవాళ్ళు తక్కువ" అని తనే అన్నాడు.

మా ప్రతినిధి మొదటిసారి వ్యతిరేకంగా ఓటేశారు. రెండోసారి మార్చేశారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

#3 కిరణ్_ఎం

ఆ నాలుగు రోజుల్లో జరిగినవి మూడు. బిల్లు ఓడిన రోజే షేర్ల సూచీ డౌ 777 పాయింట్లు పడింది. అప్పటిదాకా బెయిలౌట్ అంటే బ్యాంకర్ల గొడవ అనుకున్నవాళ్ళకి తమ 401(కె) రిటైర్మెంట్ ఖాతా గుర్తొచ్చింది. టెన్షన్ మొదలైంది. మొన్నటిదాకా "వద్దు" అన్న ఫోన్లకి తోడు "ఏదో ఒకటి చేయండి" అన్న ఫోన్లు కూడా వచ్చాయి.

రెండోది, సెనేట్ బిల్లుకి రంగులద్దింది. బ్యాంకు డిపాజిట్ల బీమా లక్ష డాలర్ల నుంచి 2,50,000కి పెంచారు. పన్ను రాయితీలు తగిలించారు. పిల్లలు ఆడుకునే చెక్క బాణాల తయారీదార్లకి పన్ను మినహాయింపు కూడా అందులోనే ఉంది. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ కూలిపోతోందని చెప్పి తెచ్చిన చట్టంలో చెక్క బాణాలు! సెనేట్‌లో 74–25తో దాటింది.

మూడోది చేదుగా ఉంటుంది గానీ చెప్పాలి. వద్దన్నవాళ్ళ దగ్గర ఆ వారానికి సరిపడా ప్రత్యామ్నాయం లేదు. "మార్కెట్టే చూసుకుంటుంది" అనడం సిద్ధాంతపరంగా సరైనదే కావచ్చు. కానీ రేపు పొద్దున ఫలానా బ్యాంకులో ఏం జరుగుతుంది, ఎవరి డబ్బు పోతుంది, ఎవరిది పోదు అని అడిగితే ఒక పేజీలో జవాబు ఇవ్వగలిగినవాళ్ళు ఆ ఫోన్లు చేసినవాళ్ళలో దాదాపు లేరు. భయపడ్డ మనిషికి సిద్ధాంతం ఎక్కదు.

#4 చదువరి

కిరణ్ గారు చెప్పిన మూడో మాటకి వెనక చరిత్ర కూడా ఉంది. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

1971లో విమానాలు తయారుచేసే లాక్‌హీడ్ కంపెనీకి 250 మిలియన్ డాలర్ల అప్పుకి ప్రభుత్వం పూచీ పడింది. అప్పుడు ప్రతినిధుల సభలో 192–189, సెనేట్‌లో 49–48. ఒక్క ఓటు తేడా! ఒక ప్రైవేటు కంపెనీకి పూచీ పడటమా అని ఆ రోజుల్లో సగం సెనేట్‌కి మనసొప్పలేదు. తర్వాత కార్ల కంపెనీ క్రైస్లర్ వచ్చింది. 1.5 బిలియన్ల పూచీ బిల్లు మీద 1980 జనవరిలో కార్టర్ సంతకం పెట్టారు. దాని అధిపతి లీ ఐకోకా 1983లోనే, గడువుకి ఏడేళ్ళ ముందే, అప్పు తీర్చేశారు. ప్రభుత్వానికి పైగా లాభం కూడా వచ్చింది.

బెయిలౌట్‌ని వ్యతిరేకించేవాళ్ళకి అతి పెద్ద దెబ్బ ఈ క్రైస్లర్ విజయమే. ఆ తర్వాత ప్రతిసారీ "డబ్బు తిరిగొచ్చిందిగా, మీ బాధేంటి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. టార్ప్‌లో (2008లో పాసైన ఆ 700 బిలియన్ల పథకం పేరు) బ్యాంకులకి ఇచ్చిన సుమారు 245 బిలియన్లు కూడా లాభంతో తిరిగొచ్చాయి. కాబట్టి "మన డబ్బు పోయింది" అన్న ఒక్క వాదన మీదే ఉద్యమం కడితే అది నిలబడదు.

అసలు నష్టం ఖాతా పుస్తకాల్లో కనబడదు. 1984లో కాంటినెంటల్ ఇల్లినాయ్ బ్యాంకు పడిపోతే బీమా పరిధిలో లేనివాళ్ళని కూడా కాపాడారు. అప్పటి నుంచి పెద్ద బ్యాంకుకి అప్పిచ్చేవాడికి ఒక ధీమా వచ్చింది. బ్యాంకు ఏం చేసినా నా అసలు ఎక్కడికీ పోదు అని. ఆ ధీమా ఉన్నవాడు తక్కువ వడ్డీకి ఇస్తాడు, బ్యాంకు ఏం చేస్తోందో చూడడు. చిన్న బ్యాంకుకి ఆ వెసులుబాటు లేదు. 2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడి బ్యాంకుని జేపీ మోర్గాన్ కొనేలా ఫెడ్ అండగా నిలిచింది. అది చూసినవాళ్ళు లేమన్‌ని కూడా వదిలేయరనే అనుకున్నారు. సెప్టెంబర్‌లో అంత భయం పుట్టడానికి లేమన్ పడిపోవడం ఎంత కారణమో, మార్చిలో ఇచ్చిన ఆ ధీమా కూడా అంతే కారణమని నేనంటాను.

#5 రమణ_ఆటో

నేను మీ అందరికీ అడ్డం వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మిషిగన్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌గా పనిచేశాను. మేం ఈ రోజు సరుకు పంపితే డబ్బు వచ్చేది నెలన్నర, రెండు నెలలకి. అంటే ఏ రోజు చూసినా పెద్ద కార్ల కంపెనీల దగ్గర మా డబ్బు రెండు నెలలది ఉండిపోతుంది. 2008 డిసెంబర్‌లో మా అకౌంట్స్ గదిలో గోడకి ఒక చార్టు అంటించారు. ఎవరి నుంచి ఎంత రావాలి, ఆగిపోతే ఎన్ని వారాల జీతాలకి సరిపోతుంది అని. ఎర్ర గీత ఫిబ్రవరి దగ్గర ఉంది.

జీఎం (జనరల్ మోటార్స్) ఒక్కటే పడిపోతే జీఎం ఒక్కటే పోదు. అదే విడిభాగాలు ఫోర్డ్‌కీ వెళతాయి. అందుకే తనకి డబ్బు అక్కర్లేకపోయినా ఫోర్డ్ అధిపతి అలన్ ములాలీ పోటీ కంపెనీలకి సాయం చేయండని కాంగ్రెస్‌లో చెప్పారు. సొంత విమానాల్లో వాషింగ్టన్ వెళ్ళి సాయం అడిగిన ఆ సీఈఓలంటే నాకూ అసహ్యమే. కానీ దివాలా కోర్టు నడిచేటప్పుడు కంపెనీని నడపడానికి కూడా అప్పు కావాలి. ఆ డిసెంబర్‌లో అంత పెద్ద అప్పు ఇచ్చే ప్రైవేటు బ్యాంకు ఒక్కటి చెప్పండి. "చాప్టర్ 11కి (కంపెనీ నడుస్తూనే కోర్టులో అప్పులు సర్దుకునే దివాలా పద్ధతికి) వెళ్ళమనండి" అనడం తేలికే.

#6 పన్నుదారుడు

రమణ గారూ, అడ్డం రావడం కాదు, ఈ చర్చకి మీలాంటివాళ్ళే కావాలి. ఆ గోడ మీది చార్టు గురించి చదివాక నేను రాసేది ఆలోచించి రాస్తున్నాను.

నాకు కడుపు మండేది ఎక్కడంటే: 2008 డిసెంబర్ 10న ఆటో బిల్లు ప్రతినిధుల సభలో 237–170తో దాటింది. మర్నాడు సెనేట్‌లో 52–35, కావలసిన 60 ఓట్లు రాక ఆగిపోయింది. ప్రజాస్వామ్యంలో అక్కడితో అయిపోవాలి కదా. డిసెంబర్ 19న అధ్యక్షుడు బుష్ అదే టార్ప్ నుంచి 17.4 బిలియన్లు ఇస్తామని ప్రకటించారు. బ్యాంకుల కోసం రాసిన చట్టం, కార్ల కంపెనీలకి దారి అయిపోయింది. కాంగ్రెస్ కాదన్న డబ్బు వెనక తలుపు నుంచి వెళ్ళింది. మాటలు వదులుగా రాసిన చట్టం ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పైగా అంతా అయ్యాక కూడా క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జీఎం జూన్ 1న దివాలా కోర్టుకే వెళ్ళాయి. క్రైస్లర్‌కి తాకట్టు మీద అప్పిచ్చినవాళ్ళకి డాలరుకి 29 సెంట్లు దక్కాయి. వాళ్ళలో ఇండియానా టీచర్ల, పోలీసుల పింఛను నిధులు కూడా ఉన్నాయి. తాకట్టు లేని యూనియన్ ఆరోగ్య ట్రస్టుకి కొత్త కంపెనీలో 55 శాతం వాటా వచ్చింది. యూనియన్ పెద్దలు చెడ్డవాళ్ళని నేననను. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస రాజకీయం చేతిలోకి వెళ్ళిందంటాను. జీఎంలో పెట్టిన 49.5 బిలియన్లలో సుమారు 11 బిలియన్లు తిరిగి రాలేదు.

#7 స్వాతి_కె

నేను లిబర్టేరియన్‌ని కాదు. అయినా 2008 సెప్టెంబర్‌లో మీ వైపే ఉన్నాను, వామపక్షపు బెర్నీ సాండర్స్ కూడా సెనేట్‌లో వ్యతిరేకంగానే ఓటేశారు. మీ ఉద్యమం నాలాంటివాళ్ళని ఎప్పుడు పోగొట్టుకుందో తారీఖుతో సహా చెబుతాను: 2009 ఫిబ్రవరి 19.

ఆ రోజు షికాగో ట్రేడింగ్ ఫ్లోర్ మీద నిలబడి సీఎన్‌బీసీ విలేఖరి రిక్ సాంటెల్లి టీవీలో మండిపడింది వాల్‌స్ట్రీట్ మీద కాదు, ఇంటి అప్పు కట్టలేకపోతున్న పక్కింటివాళ్ళకి సాయం చేయడం మీద. చుట్టూ ఉన్న ట్రేడర్లు చప్పట్లు కొట్టారు. వందల బిలియన్లు వెళ్ళినప్పుడు రాని ఆ ఊపు, కిస్తీ తప్పినవాళ్ళ దగ్గర వచ్చింది. వారం తిరిగేసరికి టీ పార్టీ ర్యాలీలు, వాటి వెనక డిక్ ఆర్మీ నడిపిన ఫ్రీడమ్‌వర్క్స్ లాంటి డబ్బున్న సంస్థలు. బెయిలౌట్ మాట పక్కకి పోయి, ఆరోగ్య బీమా, ఒబామా, పార్టీ రాజకీయం ముందుకొచ్చాయి. 2011లో ఆక్యుపై వాల్‌స్ట్రీట్ కుర్రాళ్ళు జుకోటీ పార్కులో కూర్చున్నప్పుడు వాళ్ళ ప్లకార్డుల మీద ఉన్నది కూడా ఇదే కోపం. ఈ రెండు గుంపులూ ఒకే చోట నిలబడి ఉంటే ఎంత బలం! అది జరగనివ్వకుండా ఎవరి శిబిరం వాళ్ళని లాక్కుపోయింది.

#8 శ్రీవల్లి

స్వాతీ, నీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ అందరినీ ఒకే గాటన కట్టకు. సాంటెల్లి కంటే ముందు నుంచీ పనిచేస్తున్నవాళ్ళున్నారు. బోస్టన్ టీ పార్టీ వార్షికోత్సవం అని 2007 డిసెంబర్ 16న ఒక్క రోజులో రాన్ పాల్ ప్రచారానికి సుమారు 6 మిలియన్ డాలర్లు పోగుచేసింది మామూలు జనమే, ప్రచార కమిటీ వాళ్ళు కాదు. వాళ్ళు బుష్‌నీ తిట్టారు, ఇరాక్ యుద్ధాన్నీ తిట్టారు. 2009 ఏప్రిల్ 15 టీ పార్టీ సభకి నేను వెళ్ళాను. అక్కడ రెండు రకాల ప్లకార్డులూ కనిపించాయి. ఫెడ్ లెక్కలు చూపించమని ఒకళ్ళు పట్టుకుంటే, పక్కన ఇంకొకళ్ళది పూర్తిగా పార్టీ గోల. సంవత్సరం తిరిగేసరికి మైకు రెండో రకం వాళ్ళ చేతికి పోయింది. నాకూ అప్పుడే మనసు విరిగింది.

#9 చదువరి

ఓడినవి చాలా చెప్పుకున్నాం. నిలబడినవి కూడా చూడాలి.

2009 ఫిబ్రవరిలో రాన్ పాల్ పెట్టిన ఫెడ్ ఆడిట్ బిల్లు, హెచ్ఆర్ 1207, 300 మందికి పైగా సహ ప్రతిపాదకులని కూడగట్టింది. రెండు పార్టీల నుంచీ. అందరికీ ఊళ్ళో వాళ్ళు ఫోన్లు చేసీ చేసీ సంతకం పెట్టించారు. యథాతథంగా చట్టం కాలేదు గానీ, బ్యాంకుల నియంత్రణకి తెచ్చిన 2010 డాడ్–ఫ్రాంక్ చట్టంలో ఒక్కసారి ఆడిట్‌కి చోటు దక్కింది. 2011 జులైలో ఆ నివేదిక వచ్చింది. ఇంకోవైపు బ్లూమ్‌బర్గ్ సంస్థ కోర్టుకి వెళ్ళింది. 2011 మార్చిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నాక, ఏ బ్యాంకు ఎంత అప్పు తీసుకుందో ఫెడ్ బయటపెట్టక తప్పలేదు.

ఒక హెచ్చరిక. ఆ ఆడిట్‌లోని 16 ట్రిలియన్ల అంకె పట్టుకుని మనవాళ్ళే చాలామంది "16 ట్రిలియన్లు పంచేశారు" అని రాస్తారు. దయచేసి రాయకండి. రాత్రికిచ్చి పొద్దున తీసుకున్న అప్పుని ఎన్నిసార్లు తిరిగిస్తే అన్నిసార్లు కలిపితే వచ్చే మొత్తం అది. ఒక్క తప్పు అంకె చెబితే చాలు, అవతలివాళ్ళు మన నిజమైన అంకెలని కూడా కొట్టిపారేస్తారు.

ఇంకొకటి యూటాలో జరిగింది. టార్ప్‌కి ఓటేసిన రిపబ్లికన్ సెనేటర్ బాబ్ బెనెట్ 2010 మేలో సొంత పార్టీ రాష్ట్ర సమావేశంలోనే టికెట్ పోగొట్టుకున్నారు. అప్పట్లో అక్కడ అభ్యర్థిని వడగట్టింది వీధి వీధిలో పార్టీవాళ్ళు పెట్టుకునే కాకస్ సమావేశాల నుంచి ఎన్నికైన డెలిగేట్లు. ఒక సాయంత్రం ఆ కాకస్‌కి వెళ్ళి కూర్చున్నవాళ్ళే మూడు సార్లు గెలిచిన సెనేటర్‌ని ఇంటికి పంపారు. ర్యాలీకొచ్చి అరిచినదానికంటే ఆ ఒక్క సాయంత్రానికి విలువెక్కువ.

#10 కిరణ్_ఎం

2020 కూడా కలుపుకోవాలి. మార్చి 27న కోవిడ్ సాయం కోసం 2.2 ట్రిలియన్ల కేర్స్ చట్టం సభకి వస్తే, ఎవరు ఎటు ఓటేశారో పేరు పేరునా నమోదు కావాలని రిపబ్లికన్ ప్రతినిధి థామస్ మాసీ ఒక్కడే పట్టుబట్టాడు. రెండు పార్టీలూ, అధ్యక్షుడూ విరుచుకుపడ్డారు. నోటి ఓటుతో కానిచ్చేశారు. అంత డబ్బుకి ఏ ప్రతినిధి "అవును" అన్నాడో రికార్డు లేదు! ఈ ఒక్క విషయం మీద కోపం రానివాళ్ళతో నేను వాదించలేను.

అందులో ప్రయాణికుల విమాన సంస్థలకి జీతాల కోసం 25 బిలియన్లు. యునైటెడ్, డెల్టా, అమెరికన్ మూడూ అంతకుముందు చాప్టర్ 11లో ఉండగానే విమానాలు నడిపినవే. దివాలా తీస్తే విమానం ఆకాశంలోంచి మాయమైపోదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బోయింగ్ అయితే ముందు తన రంగానికి 60 బిలియన్ల సాయం కావాలంది, తర్వాత మార్కెట్లో 25 బిలియన్ల బాండ్లు అమ్ముకుని ప్రభుత్వ డబ్బు అక్కర్లేదంది.

#11 రమణ_ఆటో

కిరణ్ గారూ, ఆ బోయింగ్ ఉదాహరణ పూర్తిగా చెప్పండి. కార్పొరేట్ బాండ్లు మేం కొంటామని మార్చి 23న ఫెడ్ ప్రకటించాకే ఆ మార్కెట్ తేరుకుంది. బోయింగ్ చెక్కు తీసుకోలేదు, నిజమే. వెనక పూచీ ఉందిగా.

ఇంకో ప్రశ్న. ప్రభుత్వమే వ్యాపారం మూసేయమని ఆదేశిస్తే, అప్పుడిచ్చేది బెయిలౌట్ అవుతుందా, నష్టపరిహారమా?

#12 పన్నుదారుడు

పరిహారమే అంటాను, ఆదేశం వల్ల జరిగిన నష్టం వరకు. కానీ అది చిన్న హోటలుకీ పెద్ద ఎయిర్‌లైన్‌కీ ఒకే సూత్రం మీద రావాలి. వాషింగ్టన్‌లో లాబీయిస్టు ఉన్నవాడికి ముందు రావడం కుదరదు. ఫెడ్ పూచీ గురించి మీరన్నది అక్షరాలా నిజం. నగదు చేతులు మారకపోయినా బెయిలౌట్ బెయిలౌటే.

#13 స్వాతి_కె

మరి రైతుల సంగతో? సుంకాల గొడవలో 2018లో 12 బిలియన్లు, 2019లో 16 బిలియన్ల సాయం ప్రకటించారు. అప్పుడు ఫోన్లు మోగాయా? సొంత పార్టీ అధ్యక్షుడు ఇస్తే నోరు మెదపనివాళ్ళని సూత్రం కోసం నిలబడ్డారని ఎలా నమ్మను?

#14 శ్రీవల్లి

మోగలేదు. మోగి ఉండాల్సింది. సుంకం వేసి మార్కెట్ పోగొట్టింది ప్రభుత్వమే కాబట్టి పరిహారమని కొందరు సర్దిచెప్పుకున్నారు. అలాగైతే సుంకమే తీసేయమని అడగాలి. ఆ మాట గట్టిగా అన్న లిబర్టేరియన్లు ఉన్నారు, కానీ ర్యాలీలకొచ్చిన జనం వాళ్ళ వెనక రాలేదు.

#15 కొత్తగా_చేరాను

అందరివీ చదివాను. నాలాంటి మామూలు ఉద్యోగి చేయగలిగింది ఏమైనా ఉందా? ర్యాలీలు నాకు పడవు.

#16 శ్రీవల్లి

ఉంది తమ్ముడూ. జిల్లా ఆఫీసుకి ఫోన్ చేయి, వాషింగ్టన్‌కి వద్దు. సెక్షన్ నంబరు చెప్పి మాట్లాడు. పేరు పేరునా ఓటు నమోదవ్వాలని అడుగు, ఇది బిల్లుకి అనుకూలమైనవాళ్ళు కూడా కాదనలేరు. ఓటు తర్వాత మళ్ళీ ఫోన్ చేసి ఎటు వేశారో అడుగు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మీ రాష్ట్రంలో కాకస్ ఉంటే వెళ్ళు.

#17 పన్నుదారుడు

కిరణ్ గారు మూడో పోస్టులో అన్న ఒక పేజీ జవాబు ఇప్పుడే, ఏ గొడవా లేనప్పుడే, రాసి పెట్టుకుందాం అంటాను. పెద్ద తయారీ కంపెనీ దివాలాకి వెళితే మొదటి వారంలో ఎవరికి ఏం జరుగుతుందో, మామూలు మనిషికి అర్థమయ్యేలా. జీతాలు, పింఛన్లు, వారంటీలు, అప్పిచ్చినవాళ్ళు. వాటాదారులకి ఏమీ మిగలదని కూడా దాచకుండా రాయాలి. చదువరి గారు అప్పుల వరస రాస్తే బాగుంటుంది. రమణ గారూ, విడిభాగాల కంపెనీల సంగతి మీకంటే బాగా ఎవరికీ తెలియదు. మీరు మాతో ఏకీభవించకపోయినా ఆ భాగం రాస్తారా?

#18 రమణ_ఆటో

రాస్తాను. మొదటి రోజే జడ్జి అనుమతి తీసుకుని కీలకమైన సప్లయర్లకి పాత బాకీలు చెల్లించే పద్ధతి చాప్టర్ 11లో ఇప్పటికే ఉంది. జీఎం వాళ్ళు అలాగే చేశారు. అంతకుముందు 2009 మార్చిలో ట్రెజరీ సప్లయర్ల బాకీలకి 5 బిలియన్ల దాకా పూచీ పథకం పెట్టింది. ఆ పథకం లేకుండా, కోర్టు అనుమతి ఒక్కదానితోనే మా కంపెనీ గట్టెక్కేదా కాదా అన్నది లెక్క వేసి చూడాలి. చార్టులోని నెలల లెక్క నాకు ఇంకా గుర్తుంది. ఆదివారం కూర్చుని వేస్తాను. గట్టెక్కదని తేలితే అదే రాస్తాను, మార్చమని అడగొద్దు.

#19 పన్నుదారుడు

అడగను. ఏది తేలితే అదే పెట్టండి.